పాత 4×4 పికప్‌ను లేపే ముందు అంగుళాల లెక్క

కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) దగ్గర బండిని 2 అంగుళాలు లేపితే ఛాసీ, క్యాబిన్, డాలా (వెనక సరుకు వేసే తొట్టి), డీజిల్ ట్యాంకు 2 అంగుళాలు పైకి పోతాయి. రెండు చక్రాలను కలిపే, క్రౌన్ గేర్లు లోపలున్న ఇనుప గొట్టం, అంటే హౌజింగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వానకాలంలో ములుగు, భూపాలపల్లి దిక్కు పొలం బాటల్లో ట్రాక్టరు టైర్లు చేసిన లోతైన గాడుల మధ్య కట్టకు తగిలి ఆగేది ఆ హౌజింగే. దాన్ని పైకి తెచ్చేది టైరు ఒక్కటే. అదీ పెరిగిన ఎత్తులో సగమే తెస్తుంది.

లెక్క చూడండి. బండికి ఇప్పుడున్నది 215/75 ఆర్15 టైరు అనుకుంటే దాని మొత్తం ఎత్తు 704 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే 734. తేడా 30, కాబట్టి హౌజింగ్ కింద దొరికేది 15 మిల్లీమీటర్లు. 31×10.5 ఆర్15 వేస్తే ఎత్తు 787కు పోతుంది, హౌజింగ్ కింద 42 మిల్లీమీటర్లు దొరుకుతాయి. బండి లేపేది ప్రధానంగా ఆ పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా తిరగడానికి. పొట్ట కింద రాయి తగలకపోవడం రెండో లాభం. ముందు ఏ టైరు కావాలో తేల్చుకుంటే ఎన్ని అంగుళాలు లేపాలో దానంతటదే తేలుతుంది. మన చెల్కలకు, వాగులకు 235/75, దానికి ఒకటిన్నర నుంచి 2 అంగుళాల లిఫ్టు సరిపోతాయి. 4 అంగుళాలు లేపిన పికప్ ఫొటోకు బాగుంటుంది, దాని కింద పని మాత్రం ఎప్పటికీ ఒడవదు.

చట్టం సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద, మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ముందు ఇనుప బుల్‌బార్ల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది, కాబట్టి ఆ ఖర్చు మానుకోవచ్చు. పసుపు ప్లేటు బండి అయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కు నిలబెట్టాలి. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ఆర్సీ రెన్యువల్ ఉంటుంది. రెండు చోట్లా ఇన్‌స్పెక్టరు కింద చూస్తాడు. చేసే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకు రాసి ఇవ్వండి. తిరిగి విప్పి పాతదానిలా బిగించగలిగే పనులే చేయండి. ఛాసీ కోయడం, కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయడం లాంటివి వద్దు. విప్పిన పాత సామాను మొత్తం ఒక గోనె సంచిలో దాచండి.

కింద దూరి చూడాల్సింది

పాత బండి కుంగి ఉంటుంది. కుంగిన బండిని లేపడం వేరు, సరైన ఎత్తులో ఉన్న బండిని లేపడం వేరు. సిమెంటు నేల మీద, నాలుగు టైర్లలో సమంగా గాలి పెట్టి, డాలా ఖాళీ చేసి, ప్రతి చక్రం దగ్గర హబ్ నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు అంకెలు రాసుకోండి. డ్రైవరు వైపు ముందు మూల సాధారణంగా తక్కువ వస్తుంది, ఎందుకంటే ఏళ్లకేళ్లు మనిషి బరువు అక్కడే పడింది. కుడి ఎడమల తేడా 10 మిల్లీమీటర్లు దాటితే లిఫ్టు సంగతి తర్వాత, ముందు పట్టీలు బాగు చేయించాలి. చాలా బండ్లకు పట్టీలు మార్చగానే ఒక అంగుళం తిరిగి వస్తుంది, దానితోనే పని అయిపోతుంది.

తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకొని ఊపండి. ఊగితే ఇంకో మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కినప్పుడు ఊగడం ఆగితే ఆ లూజు చక్రం బేరింగులో ఉంది. ఆగకపోతే చక్రం మలుపు తిరిగే కీలులో, అంటే కింగ్‌పిన్‌లోనో బాల్ జాయింటులోనో ఉంది. చక్రాన్ని పక్కలకు పట్టి ఊపితే రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్ల లూజు తెలుస్తుంది. ఈ లూజులు ఉండగా బండి లేపితే స్టీరింగు 60 మీద గడగడా కొట్టుకుంటుంది, నింద మాత్రం లిఫ్టు మీద పడుతుంది.

ఛాసీని చిన్న సుత్తితో కొడుతూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మంటుంది. యూరియా, పొటాషు బస్తాలు మోసిన బండి అయితే డాలా కింది అడ్డపట్టీలు, వెనక పట్టీల షేకిల్ (పట్టీ కొసను ఛాసీకి కలిపే ఊగే లింకు) వేలాడే బ్రాకెట్టు, దాని రివెట్లు మరీ శ్రద్ధగా చూడండి. ఎరువు రాలి, తడి తగిలి, లోపలి నుంచి తింటుంది. రివెట్టు చుట్టూ ఎర్రటి పొడి కారిన గీత ఉంటే ఆ రివెట్టు కదులుతున్నట్టు లెక్క.

ఫోర్-వీల్ పడుతుందో లేదో కూడా ఇప్పుడే చూడాలి. ముందు ఒక చక్రం మాత్రం లేపి, రెండు ముందు చక్రాల ఫ్రీవీల్ హబ్‌లనూ (చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే, విడదీసే తాళాలు) లాక్‌లో పెట్టి, లివరు ఫోర్-వీల్‌లో వేసి, చేత్తో చక్రం తిప్పండి. తిరగకూడదు. లివరు టూ-వీల్‌కు తెస్తే చక్రంతో పాటు ముందు జాయింటు రాడ్ (గేర్ బాక్సు వైపు నుంచి హౌజింగ్‌కు పోయే షాఫ్టు) తిరగాలి. లేపిన చక్రం హబ్ ఫ్రీలో పెడితే ఆ చక్రం ఒక్కటే తిరగాలి. రెండో చక్రానికీ ఇదే పరీక్ష. ఏళ్ల తరబడి వాడని బండ్లలో ఎక్కువగా పాడయ్యేది గేర్లు కాదు, హబ్‌లో ఎండిపోయిన గ్రీజు, లివరు కింద పట్టేసిన లింకు. నెలకోసారి మట్టి బాట మీద కిలోమీటరు దూరం ఫోర్-వీల్‌లో నడిపితే ఈ తిప్పలు రావు. తారు రోడ్డు మీద మాత్రం వేయొద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. జారడానికి మట్టి లేకపోతే ఆ తేడా అంతా గేర్లలో మెలిక పడి లివరు బిగుసుకుంటుంది.

పట్టీల పని

ముందూ వెనకా కమాన్ పట్టీలున్న బండికి ఎత్తు మూడు దారుల్లో వస్తుంది: పట్టీ కలపడం, షేకిల్ పొడుగు చేయడం, హౌజింగ్‌కూ పట్టీలకూ మధ్య గుట్క (దిమ్మె) పెట్టడం.

మంచిది పట్టీ కలపడం. కొత్త పట్టీ వెడల్పు పాతవాటికి సమానంగా ఉండాలి, వెర్నియర్‌తో కొలవండి. ఇనుము స్ప్రింగు స్టీలే, ఈఎన్45 గానీ ఎస్‌యూపీ9 గానీ అని అడిగి తీసుకోండి. పొట్టిగా, మందంగా ఉన్న ఒక్క పట్టీని అడుగున తోస్తే ఎత్తు వెంటనే వస్తుంది గానీ, దాని కొన ఆనే చోట పై పట్టీ మీద బరువంతా పడి అక్కడే విరుగుతుంది. కమాను కాస్త ఎక్కువున్న పొడుగు పట్టీని మెయిన్ పట్టీ కింద రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో వేస్తే బరువు పొడుగునా పంచుకుంటుంది. పాత పట్టీలను సుత్తితో కొట్టి కమాను తిప్పించడం చవక పని. చల్లగా కొట్టినవి రెండు పంటల లోడు మోస్తే మళ్లీ కుంగుతాయి. కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, టెంపర్ చేసే చోటే చేయించండి. పట్టీ మీద వెల్డింగు మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. వేడి తగిలిన చోట టెంపర్ పోయి అక్కడే పుటుక్కుమంటుంది.

ఎన్ని పట్టీలు అనేది మోసే సరుకును బట్టి ఉంటుంది. ఏనుమాముల మార్కెట్టుకు పత్తి తోలే బండికి, వడ్ల బస్తాలు తోలే బండికి ఒకటే పట్టీల కట్ట కుదరదు. పత్తి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. దానికి పట్టీలు గట్టిచేస్తే ఖాళీగా వచ్చేటప్పుడు వెనక చక్రాలు నేలను వదిలి ఎగురుతాయి, బ్రేకు వేస్తే పక్కకు జారుతాయి. పైగా 2 అంగుళాలు లేపిన బండి మీద ఎత్తుగా కట్టిన పత్తి లోడు చెరువు కట్ట దిగేటప్పుడు ఒరిగిపోయే తావు ఎక్కువ. లోడు బండిని అసలు లేపకపోవడమే మేలు, పెద్ద టైరు కూడా వద్దు.

షేకిల్ లెక్క సగం. షేకిల్ 2 అంగుళాలు పొడుగు చేస్తే బండి ఒక అంగుళమే లేస్తుంది, ఎందుకంటే పట్టీ ఒక కొసే కిందికి దిగింది. ముందు పట్టీలకు షేకిల్ ముందు కొసకు ఉన్న పాత జీపు తరహా బండ్లలో దీన్ని పొడుగు చేస్తే హౌజింగ్ ముందుకు తిరిగి క్యాస్టర్ (స్టీరింగు కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. షేకిల్ వెనక కొసకు ఉంటే క్యాస్టర్ పెరుగుతుంది, కానీ ముందు క్రౌన్ మూతి (హౌజింగ్‌కు జాయింటు రాడ్ తగిలే చోటు) కిందికి దిగి జాయింటు రాడ్ కోణం చెడుతుంది. సన్నటి ప్లేట్లతో చేసిన పొడుగు షేకిళ్లు పక్కలకు వంగుతాయి. రెండు ప్లేట్ల మధ్య అడ్డం పైపు వెల్డు చేసినవే వాడాలి.

గుట్కలు వెనక హౌజింగ్‌కు మాత్రమే. ముందు వేయనే వేయొద్దు. బ్రేకు వేసినప్పుడు ముందు హౌజింగ్ మెలిపడే బలాన్ని గుట్క ఎత్తు మరింత పెంచుతుంది, జారిందా స్టీరింగు పోయినట్టే. వెనక అయినా పట్టీలు హౌజింగ్ పైన ఉన్న బండికే గుట్క ఎత్తునిస్తుంది. పట్టీలు హౌజింగ్ కింద కట్టిన బండికి అదే గుట్క వేస్తే బండి ఇంకా కిందికి దిగుతుంది. వినడానికి నవ్వులాటగా ఉన్నా, గుట్కలు కొనుక్కొచ్చాక ఈ సంగతి తెలిసేవాళ్లు ఉన్నారు. గట్టి ఇనుముదో పోత పోసిందో వాడండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, 2 అంగుళాలు దాటొద్దు. చెక్క గుట్క సంగతి మాట్లాడుకోవాల్సిన పని లేదు.

పని చేసే ముందు రాత్రి, పట్టీలను హౌజింగ్‌కు బిగించే యూ-బోల్టు నట్ల మీద, షేకిల్ పిన్నుల మీద డీజిలు పోసి నాననివ్వండి. పొద్దున రాని యూ-బోల్టును పానాతో పోరాడకుండా గ్రైండరుతో కోసేయండి. పాత యూ-బోల్టు మళ్లీ వాడేది కాదు. ఒకసారి సాగి బిగిసిన మర రెండోసారి ఆ బిగువు పట్టదు. కట్ట మందం పెరిగింది కాబట్టి కొత్తది ఎట్లాగూ పొడుగుది కావాలి. ఛాసీ కింద స్టాండ్లు పెట్టండి, హౌజింగ్ కింద వేరే జాకీ పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఉన్నట్టుండి పగులుతాయి, వాటి కింద తల పెట్టొద్దు. ఒకేసారి రెండు వైపులా విప్పొద్దు. ఒక వైపు పూర్తయ్యాక ఇంకో వైపు అయితే హౌజింగ్ తిరగకుండా ఉన్నచోటే నిలుస్తుంది. షాక్ అబ్జార్బరు కింది బోల్టు విప్పి, బ్రేకు పైపు, హ్యాండ్‌బ్రేకు కేబులు లాగినట్టు అవుతున్నాయేమో కనిపెట్టుకుంటూ జాకీ దించాలి.

కట్టను బెంచ్ వైసులో బిగించి, పట్టీలన్నిటినీ నడుమ పట్టి ఉంచే సెంటర్ బోల్టు మార్చండి, పాతది పనికిరాదు. దాని తల హౌజింగ్ ప్యాడ్‌లోని రంధ్రంలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాకే యూ-బోల్టులు ఎక్కించాలి. సెంటర్ బోల్టు తెగితే హౌజింగ్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది, బండి ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తుంది. యూ-బోల్టు నాలుగు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. అరంగుళం యూ-బోల్టుకు సుమారు 7 నుంచి 9 కేజీఎం (కిలోగ్రాం-మీటర్ల) టార్కు, మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఇంకోసారి మళ్లీ బిగించాలి. కొత్త పట్టీల రంగు నలిగి కట్ట సర్దుకుంటుంది కాబట్టి ఈ బిగువు తప్పకుండా తగ్గుతుంది.

ఇక ఎక్కువ షెడ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. రబ్బరు బుష్షులున్న పట్టీ పిన్నును బండి జాకీ మీద ఉండగానే పూర్తిగా బిగిస్తారు. అప్పుడు పట్టీ వేలాడుతూ ఉంటుంది. బండి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. నట్టును చేతి బిగువులో ఉంచి, చక్రాలు ఎక్కించి, బండిని నేల మీద దించి, డాలా పట్టుకొని నాలుగుసార్లు ఊపి, ఆ తర్వాతే పూర్తిగా బిగించండి. పట్టీల మధ్య గ్రాఫైటు గ్రీజు రాయండి. పాత ఇంజనాయిలు పోసే అలవాటు మానుకోవాలి, అది బుష్షు రబ్బరును తింటుంది, దుమ్మును పట్టి పట్టీలను అరగదీస్తుంది.

లేపాక వెంట వచ్చే పనులు

షాక్ అబ్జార్బరు ముందుగా చూసుకోవాలి. పాతది అలాగే వదిలేస్తే చక్రం గుంతలోకి దిగినప్పుడు షాక్ పూర్తిగా సాగి, హౌజింగ్ బరువంతా దాని రాడ్‌కు వేలాడుతుంది. పై గుబ్బ ఊడివస్తుంది. హౌజింగ్‌ను పూర్తిగా వేలాడదీసి రెండు మౌంటింగుల మధ్య దూరం కొలవండి, తర్వాత బంప్ స్టాప్‌కు (ఛాసీ కింది రబ్బరు అడ్డుకు) తగిలేదాకా పైకి లేపి ఇంకోసారి కొలవండి. కొత్త షాక్ సాగినప్పుడు మొదటి అంకె కంటే పొడుగు, నొక్కినప్పుడు రెండో అంకె కంటే పొట్టి ఉండాలి. బండి పేరు చెప్పి కొనడం కంటే ఈ రెండు అంకెలు చెప్పి కొనడం నయం. టైరు పెద్దదైతే బంప్ స్టాప్ కింద కూడా అంత మందం ప్యాకింగు పడాలి, లేకపోతే లోడు మీద టైరు మడ్‌గార్డును నమిలేస్తుంది.

వెనక హౌజింగ్‌కు పోయే బ్రేకు రబ్బరు పైపు, పూర్తిగా వేలాడినప్పుడు కూడా కాస్త వదులుగా ఉండాలి. దాని బ్రాకెట్టును కిందికి జరపడం ఒక దారి, పొడుగు పైపు ఇంకో దారి. పాత పైపు పైన పగుళ్లు కనిపిస్తే ఆలోచించకుండా మార్చేయండి. అంతకంటే ఎక్కువమంది మరిచేది వెనక లోడు సెన్సింగ్ వాల్వు. హౌజింగ్‌కూ ఛాసీకీ మధ్య సన్నటి రాడ్‌తో ఉంటుంది. ఛాసీ కిందికి దిగితే లోడు ఉందని తెలుసుకొని వెనక బ్రేకులకు ఎక్కువ ఆయిలు పంపుతుంది. బండి 2 అంగుళాలు లేపి ఆ రాడ్‌ను అలాగే వదిలేస్తే, లోడు ఉన్నా బండి ఖాళీగా ఉందనుకొని వెనక బ్రేకు తగ్గిస్తుంది. ముందు చక్రాలే పట్టి బండి ముక్కు దిగుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. లేపిన అంగుళాలకు సరిగ్గా ఆ రాడ్ బ్రాకెట్టును సర్దాలి.

జాయింటు రాడ్ దగ్గర ఓపిక పట్టాలి. విప్పే ముందు రెండు ముక్కల మీద పెయింటుతో గీత గీసుకోండి. ఒకదానిలో ఒకటి జారే స్లైడు ముక్కను ఒక పన్ను అటూ ఇటూగా ఎక్కిస్తే రెండు కొసల క్రాస్‌లు (కీళ్లు) ఒకే తీరులో ఉండవు, 50 దాటగానే సీటు కింద వణుకు మొదలవుతుంది. ముందూ వెనకా చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి బయటికొచ్చే షాఫ్టు కోణం, వెనక క్రౌన్ మూతి కోణం బండి లాగుతున్నప్పుడు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ లోపు. పట్టీల బండిలో రేసు ఇచ్చినప్పుడు క్రౌన్ మూతి పైకి తిరుగుతుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు మూతిని ఒకటి, రెండు డిగ్రీలు కిందికే ఉంచడం లాభం. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ చాలు, ఫోన్‌ను చదునైన ఇనుము మీద ఆనించండి. లిఫ్టు తర్వాత మూతిని పైకి తిప్పాల్సి వస్తే ఇనుప వెడ్జ్ వేస్తారు. పట్టీలు హౌజింగ్ పైన ఉన్న బండిలో వెడ్జ్ మందం వైపు బండి వెనక్కి ఉండాలి, కింద ఉన్న బండిలో ముందుకు. తిప్పి వేస్తే తప్పు రెట్టింపు అవుతుంది. అల్యూమినియం వెడ్జ్ నలిగిపోతుంది, వద్దు.

పొడుగు పికప్‌లలో వెనక జాయింటు రాడ్ రెండు ముక్కలుగా, నడుమ సెంటర్ బేరింగుతో ఉంటుంది. అక్కడ అరంగుళం మందం స్పేసర్లు వేసి బేరింగును కిందికి దించితే కోణం రెండు క్రాస్‌లకూ పంచినట్టవుతుంది. వణుకు ఏ గేరులోనైనా ఒకే వేగం దగ్గర వస్తూ, రేసు ఇచ్చినా వదిలినా అలాగే ఉంటే బ్యాలెన్సింగు చూడాలి. రేసు ఇచ్చినప్పుడే వస్తే కోణం, లేదా పట్టీలు మెలిపడటం. స్లైడు ముక్క కూడా చూడండి, హౌజింగ్ పూర్తిగా వేలాడినప్పుడు పళ్లలో సగమైనా లోపల పట్టి ఉండాలి.

స్టీరింగు ఎప్పటికీ మొదటి ట్రయల్‌లో నేరుగా రాదు. బండి లేచింది కాబట్టి స్టీరింగు బాక్సు నుంచి చక్రాలకు పోయే డ్రాగ్ లింకు ఏటవాలుగా అయింది, అది చక్రాన్ని ఒక వైపు లాగుతుంది. డ్రాగ్ లింకు స్లీవును తిప్పి స్టీరింగు చక్రాన్ని మధ్యకు తేవాలి. స్టీరింగు చక్రాన్ని ఊడదీసి నేరుగా పెట్టి బిగించడం కళ్లకు గంతలు కట్టడం లాంటిది. అప్పుడు బాక్సు తన మధ్య బిందువులో ఉండదు, నేరుగా పోతున్నప్పుడే లూజు వస్తుంది. డ్రాగ్ లింకు ఏటవాలు ఎక్కువైతే గుంత వచ్చినప్పుడల్లా బండి తనంతట తాను పక్కకు తిరుగుతుంది. దానికి కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగు బాక్సు నుంచి డ్రాగ్ లింకును తిప్పే చేయి) కావాలి. ఆ ఖర్చూ ఆ వెతుకులాటా 2 అంగుళాలు దాటినప్పుడు మొదలవుతాయి.

క్యాస్టర్ తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగు తిరిగి మధ్యకు రాదు, వేగం మీద తేలినట్టు ఉంటుంది. అలైన్‌మెంటు చేసే చోట టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడా) ఒక్కటే సరిచేసి పంపుతారు. క్యాస్టర్ అంకె అడిగి రాయించుకోండి, కంపెనీ లెక్కకు ఒక డిగ్రీ లోపు ఉంటే చాలు. ముందు వెడ్జ్‌లతో క్యాస్టర్ పెంచితే ముందు క్రౌన్ మూతి కిందికి దిగుతుంది, జాయింటు రాడ్ కోణం పెరుగుతుంది. రెండూ ఒకేసారి బాగుపడవు. ఫోర్-వీల్ తక్కువగా, అదీ నెమ్మదిగా వాడే బండిలో క్యాస్టర్‌కే ఓటు వేయాలి.

ముందు పట్టీలు కాకుండా టోర్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉన్న బండి అయితే అడుగున ఒక బోల్టు తిప్పితే ముక్కు లేస్తుంది. ఇంత సులువని చాలా తిప్పేస్తారు. బార్ గట్టిపడదు గానీ, చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోయి, పై ఆర్మ్ ప్రతి గుంతలో స్టాప్‌కు కొట్టుకుంటుంది. యాక్సిల్ సీవీ బూటు (కీలు మీది రబ్బరు తొడుగు) కోణానికి నలిగి చిరుగుతుంది. ఒక అంగుళం, మరీ అవసరమైతే ఒకటిన్నర, అంతకు మించి వద్దు. తిప్పే ముందు బోల్టు మరలు ఎన్ని బయట ఉన్నాయో కొలిచి రాసుకోండి, తర్వాత అలైన్‌మెంటు చేయించాల్సిందే.

టైరు, మట్టి, నీళ్లు

235/75 వేస్తే మీటరు 80 చూపినప్పుడు బండి నిజంగా 83 మీద ఉంటుంది. 31 అంగుళాల టైరుతో 89 దాటుతుంది. అదే 12 శాతం గేరింగులోనూ పోతుంది, చిన్న ఇంజను పాత పికప్ ఎత్తు మీద మొదటి గేరులో క్లచ్చు కాలుస్తుంది. 31×10.5 టైరుకు 7 అంగుళాల వెడల్పైనా ఉన్న రిమ్ము కావాలి, పాత రిమ్ముకు అది కుదరదు. వేసిన టైరు ఏదైనా, ఒక ముందు చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, పట్టీకి గానీ మడ్‌గార్డుకు గానీ రాసుకుంటుందేమో చూడండి. రాసుకుంటే హబ్ దగ్గరి స్టీరింగు స్టాప్ బోల్టును కాస్త బయటికి తీయాలి. మలుపు కొంచెం పెద్దదవుతుంది, టైరు మిగులుతుంది.

లోతు పల్లాలున్న మడ్ టైరు నల్లరేగడిలో గొప్పగా పనిచేస్తుందనేది సగం నిజం. ఆ బంక మన్ను పల్లాల్లో నిండి, నాలుగు సుట్లు తిరిగేసరికి టైరు నున్నటి గుండులా అయిపోతుంది. చక్రం వేగంగా తిరిగి విదిల్చుకుంటేనే వదులుతుంది. ఎర్రచెల్క, మొరం మీద మాత్రం ఆల్-టెరైన్ టైరు అన్నిటికంటే మేలు, రోడ్డు మీద మోత కూడా తక్కువ. పలుచటి బురద కింద గట్టి మొరం ఉన్న బాటలో వెడల్పు టైరు కంటే సన్న టైరు కిందికి కోసుకుపోయి పట్టు దొరికించుకుంటుంది. ఏటూరునాగారం, మంగపేట దగ్గర గోదావరి ఇసుకలోకి దిగాలంటే ఖాళీ బండికి గాలి 18 పీఎస్ఐకి తగ్గించండి, స్టీరింగు గట్టిగా కొట్టొద్దు, రిమ్ము నుంచి టైరు జారుతుంది. పైకి రాగానే పంపుతో నింపాలి. పంపు లేకుండా గాలి తీయొద్దు.

తాడ్వాయి దిక్కు వాగులు దాటే బండికి లిఫ్టు కంటే ముందు చేయాల్సిన పని బ్రీదర్ పైపు. హౌజింగ్ మీద, గేర్ బాక్సు మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద గాలి పోవడానికి చిన్న మూతలుంటాయి. దూరం నడిచి వేడెక్కిన హౌజింగ్ చల్లటి జంపన్నవాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకొని, సీళ్ల సందుల్లోంచీ ఆ మూతలోంచీ నీళ్లను పీలుస్తుంది. మూతలు తీసి, ఆయిలు తట్టుకునే రబ్బరు పైపు తొడిగి, ఇంజను గదిలో పైకి తీసుకుపోయి కొసకు చిన్న ఫిల్టరు పెట్టండి. పైపు ఎక్కడా వేలాడి నీళ్లు నిలిచే గుంత కాకూడదు. వాగు దాటిన మర్నాడు క్రౌన్ డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి చూడండి. పాలు కలిపిన చాయ్ రంగు కనిపిస్తే ఆయిలు మొత్తం మార్చాలి. క్రాస్‌లకు, షేకిల్ పిన్నులకు కొత్త గ్రీజు పాతదాన్ని బయటికి నెట్టేదాకా కొట్టాలి. స్నోర్కెల్ (ఇంజనుకు పైనుంచి గాలి తెచ్చే గొట్టం) ఇంజనులోకి నీళ్లు రాకుండా చూస్తుంది, ఆల్టర్నేటరునూ స్టార్టరునూ కాపాడదు. నీళ్లు హబ్ మధ్య దాటితే, ఇక పారే నీళ్లయితే అంతకంటే తక్కువ లోతులోనే, ఎంత లేపిన బండినైనా ఒడ్డునే ఆపాలి.

హెడ్‌లైట్లు చివర్న. పని మొదలుపెట్టే ముందే గోడకు ఎదురుగా నిలబెట్టి వెలుగు అంచును సుద్దతో గీసి పెట్టుకోండి. ముందూ వెనకా సమంగా లేపితే గీత కంటే 2 అంగుళాలే పైకి పోతుంది. ముక్కు ఎక్కువ లేస్తే వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి పోతుంది, స్క్రూ తిప్పి పాత గీత దాకా దించాలి.

ఇక బండిలో ఉన్న పాత జాకీ. లేపిన బండిలో టైరు పంక్చరైతే ఆ జాకీ ఛాసీ దాకా అందినా, వేలాడే చక్రం నేలను వదిలేదాకా ఎత్తలేదు. ఒకటిన్నర అంగుళాల మందం గట్టి టేకు పలక, అడుగు పొడుగు అడుగు వెడల్పుది, సీటు వెనక పడేసి ఉంచండి. మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా కూడా అదే ఆదుకుంటుంది. స్టెప్నీ కూడా మిగతా నాలుగింటి సైజుదే కావాలి. పాత చిన్న టైరు ఒకటి వేసుకొని ఫోర్-వీల్ పెడితే, నేరుగా పోతున్నా గేర్లలో మెలిక పడుతూనే ఉంటుంది.